సుడిగాలి ఇచ్చు గడువు

2025 మే 16వ తేదీ మధ్యాహ్నము అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరముపై ఒక టోర్నడో విరుచుకుపడెను. కొద్ది నిమిషములలో వేలకొలది కట్టడములు దెబ్బతినెను. నగరములో నలుగురు ప్రాణములు కోల్పోయిరి. వాతావరణ శాఖ హెచ్చరిక ముందుగానే వెలువడినది. కాని నగరపు సైరన్లు మ్రోగలేదు. విపత్తు నిర్వహణ సిబ్బంది ఆ వేళ వేరొకచోట సమావేశములో నుండిరి. మీట నొక్కవలసినది వారా, అగ్నిమాపక దళము వారా అన్నది స్పష్టముగా నిర్ణయమై యుండలేదు. మేఘము లోపలి గాలిని సైతము రాడారుతో చూడగలిగిన దేశములో ఒక మీటవద్ద పని ఆగిపోయెను. ప్రకృతి వైపరీత్యములను గురించి ఆలోచించువారు ఈ సంఘటనను నిదానముగా పరిశీలింపవలసి యున్నది.

సుడిగాలి యనగానే మనకు వేసవి పొలములలో దుమ్మును, ఎండుటాకులను పైకెత్తి, నాలుగడుగులు పోయి చల్లారెడు గాలి జ్ఞప్తికి వచ్చును. టోర్నడో అట్టిది కాదు. తుపానును కాదు. తుపాను సముద్రముపై పుట్టి, వందల కిలోమీటర్ల విస్తీర్ణముతో, దినముల తరబడి ప్రయాణించును. టోర్నడో ఉరుముల మేఘమునుండి నేలవరకు దిగిన గాలిస్తంభము. దాని వెడల్పు సాధారణముగా కొన్ని వందల మీటర్లకు మించదు. ఆయువు కొన్ని నిమిషములు. కాని తీవ్రమైన టోర్నడోలో గాలి వేగము గంటకు 300 కిలోమీటర్లను దాటును. మెక్సికో సింధుశాఖనుండి వచ్చు వెచ్చని తేమగాలియు, పడమటి పీఠభూములనుండి వచ్చు పొడిగాలియు అమెరికా మధ్య మైదానములలో కలిసికొనును. ఎత్తు పెరిగినకొలది గాలి వేగమును, దిశయు మారుచుండుటచేత, పైకెగయు మేఘము తనలో తాను తిరుగనారంభించును. అట్టి మేఘములలో కొన్నింటినుండి టోర్నడో పుట్టును. ఆ దేశములో ఏటా సుమారు 1,200 టోర్నడోలు నమోదగుచున్నవి.

ఈ భేదము భూగోళ పాఠమునకే పరిమితము కాదు. ప్రాణరక్షణ పద్ధతి యంతయు దానిపై ఆధారపడి యున్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. 1990 మే నెలలో మరియొక ప్రచండమైన తుపాను ఆంధ్ర తీరమును తాకినప్పుడు మృతుల సంఖ్య వేయికి లోపుగా నుండెను. నడుమ కాలములో తుపాను ఆశ్రయములు వెలసెను. హెచ్చరిక అందగనే జనమును పెద్ద సంఖ్యలో తరలింప వీలయ్యెను. తుపాను దినముల గడువిచ్చును. ఆ గడువులో మనిషిని ఆశ్రయమునకు చేర్పవచ్చును. టోర్నడో ఇచ్చు గడువు నిమిషములలోనిది. అంతలో మనిషి ఎంతో దూరము పోలేడు. కావున మనిషి యున్నచోటనే ఆశ్రయముండవలెను.

ఆ నిమిషముల గడువైనను సులభముగా లభించినది కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమునుండి 1938 వరకు అమెరికా వాతావరణ శాఖ తన సూచనలలో టోర్నడో అను మాటనే వాడనీయలేదు. ఆ మాట విన్న ప్రజలు భీతిల్లుదురని అధికారుల సంకోచము. 1925 మార్చి 18న మిస్సోరి, ఇల్లినాయ్, ఇండియానా రాష్ట్రముల గుండ సుమారు 350 కిలోమీటర్లు సాగిన ఒక్క టోర్నడోలో 695 మంది చనిపోయిరి. వారికి ముందుగా హెచ్చరిక యేదియు అందలేదు. 1948 మార్చి 20న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరమును టోర్నడో దెబ్బతీసెను. అచ్చటి వాతావరణాధికారులు ఫాబుష్, మిల్లర్ అనువారు ఆ నాటి పరిస్థితులను శోధించి, ఐదు దినముల పిదప అట్టివే మరల ఏర్పడుచున్నవని గుర్తించి ముందుగా హెచ్చరించిరి. ఆ సాయంకాలమే మరియొక టోర్నడో ఆ స్థావరమును తాకెను. టోర్నడో రాకను ముందుగా చెప్పవచ్చునని నాడు రుజువయ్యెను.

నేడు సగటున సుమారు పది నిమిషముల ముందు హెచ్చరిక వెలువడుచున్నది. అయితే పది హెచ్చరికలలో సుమారు ఏడు ఫలింపవు. దీని పర్యవసానము 2011 మే 22న మిస్సోరిలోని జాప్లిన్ పట్టణమున కనబడెను. గడువు పదిహేను నిమిషములకు పైగానే యుండెను, సైరన్లు మ్రోగెను. కాని తరచుగా విన్న మ్రోత యగుటచే పలువురు వెంటనే కదలక మరియొక ఆధారముకై ఎదురుచూచిరి. ఆ దినమున గాలి తాకిడికి 158 మంది బలియైరి. వారిని అవివేకులని నిందించుట తేలిక. పలుమారులు ఊరక పరుగెత్తినవాడు మరుమారు ఆగి చూచుట మానవ స్వభావము. సైరను నమ్మకముపై నడచు యంత్రము. ఊరక మ్రోగిన ప్రతిసారియు ఆ నమ్మకము కొంత తరుగును.

నమ్మి, చెప్పినట్లు చేసినను చాలని సందర్భము మరియొకటి కలదు. 2013 మే 20న ఓక్లహోమాలోని మూర్ పట్టణమును టోర్నడో తాకినప్పుడు అది బడి వేళ. ప్లాజా టవర్స్ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు పిల్లలను లోపలి భాగములకు చేర్చి, తలలు కాచుకొనుడని చెప్పిరి. తమ దేహములనే వారికి అడ్డుపెట్టిరి. అయినను గోడలు నిలువలేదు; ఏడుగురు పిల్లలు మరణించిరి. ఆ బడిలో గాలికి తట్టుకొను భద్రగది లేదు. ఇదే పట్టణమును 1999 మే 3న ఘోరమైన టోర్నడో ధ్వంసము చేసియుండెను. నడుమ పదునాలుగేండ్లు గడచినను ఆ బడికి భద్రగది రాలేదు. 2014లో మాత్రము, గంటకు 135 మైళ్ల గాలికి నిలుచునట్లు కొత్త ఇండ్లు కట్టవలెనని పట్టణము నిబంధన చేసెను. పాఠశాలను భద్రగదులతో పునర్నిర్మించిరి.

సంపన్న దేశపు స్థితి యిట్లుండగా బీద దేశపు సంగతి చెప్పవలెనా? 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశములోని మానిక్‌గంజ్ జిల్లాలో దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతములపై పడిన టోర్నడో సుమారు 1,300 మందిని బలిగొనెను. ఇంతటి ప్రాణనష్టము కలిగించిన టోర్నడో చరిత్రలో మరియొకటి లేదు. రేకుల ఇండ్లు, తడికెల ఇండ్లు నామరూపములు లేకుండ పోయెను. సుమారు ఎనుబదివేలమంది నిరాశ్రయులైరి. అమెరికాలోను పునాది లేక నిలిపిన మొబైల్ ఇండ్లలోని వారే జనసంఖ్యలో తమ వంతునకు ఎన్నో రెట్లు అధికముగా మరణించుచున్నారు. జపానులో జన్మించి అమెరికాలో స్థిరపడిన శాస్త్రవేత్త ఫుజిటా 1971లో టోర్నడోల తీవ్రతను నిర్ణయించుటకు ఒక కొలమానమును రూపొందించెను. దాని సవరించిన రూపమే నేటికిని వాడుకలో నున్నది. అది కూలిన కట్టడములను చూచి గాలి బలమును అంచనా వేయు పద్ధతి. అనగా గాలికి కొలబద్ద ఇల్లే. బలహీనమైన ఇల్లు కూలుటకు ప్రచండమైన గాలి అక్కరలేదు.

మృతుల లెక్కతో నష్టము ముగియదు. 2007 మే 4న కాన్సాస్‌లోని గ్రీన్స్‌బర్గ్ అను చిన్న పట్టణములో నూటికి తొంబదియైదు పాళ్లు నాశనమయ్యెను. పట్టణమును ఆదర్శప్రాయముగా తిరిగి నిర్మించిరి. అయినను 2000లో సుమారు 1,570గా నున్న జనాభా 2010 నాటికి సగమునకు తగ్గెను. ఇండ్లు లేచినంత మాత్రమున ఊరు లేవదు. వెడలిపోయినవారితో అంగడి బేరమును, బడి హాజరును, ఇరుగుపొరుగుల ఆదరణయు వెడలిపోవును.

మన ప్రాంతమున టోర్నడోలు అరుదు. కాని పెనుగాలులు అరుదు కావు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవులలో స్వల్పకాలములో వేలాది వృక్షములు నేలకొరిగెను. అది టోర్నడోయా, మరియొక విధమైన పెనుగాలియా అని నిపుణులు చర్చించిరి. పేరు ఏదైనను, ఆ గాలి పాఠశాల నడచు వేళ ఒక గ్రామముపై వీచియుండిన ఏమయ్యెడిది?

ప్రతి పాఠశాలయు వేసికొనదగిన ప్రశ్నలు మూడు. హెచ్చరిక వచ్చినప్పుడు గంట కొట్టవలసినవారెవరు? ఆ గంటకు పిల్లలు చేరవలసిన గది యేది? ఆ గది గోడలును కప్పును ఎంతటి గాలికి నిలుచును? మొదటి రెంటికి ఉపాధ్యాయులు ఒక పూట కూర్చుండి సమాధానము నిర్ణయింపగలరు. మూడవదానికి ఇంజనీరు వచ్చి చూడవలెను, ప్రభుత్వము ధనము వెచ్చింపవలెను. మూర్ పట్టణపు ఉపాధ్యాయులు మొదటి రెండు పనులను లోపము లేకుండ నెరవేర్చిరి. మూడవది వారి చేతిలో లేదు.