పాత కంప్యూటరు – కొత్త ఖర్చు

యంత్రం పాతబడినప్పుడు మనిషికి రెండు కోరికలు పుడతాయి. ఒకటి, దానిని పారవేసి కొత్తది కొనాలని. రెండవది, పదిమంది మెచ్చుకొన్న ఖరీదైన భాగమొకటి తెచ్చి అందులో బిగించాలని. ఈ రెండు కోరికలలోనూ ఆరాటమే గాని ఆలోచన తక్కువ. ఆ రెంటికీ నడుమ మూడవ మార్గమొకటి ఉన్నదని, అది పరీక్షించి నిర్ణయించే మార్గమని మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కళాశాల సంచికలో ఆటల కంప్యూటరును గూర్చిన వ్యాసమేమిటని పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. కాని మన విద్యార్థులలో అనేకుల ఇళ్లలో కంప్యూటరు అన్నది అన్నయ్య గల్ఫు నుండి పంపిన సొమ్ముతోనో, తండ్రి పాడిన చిట్టీ డబ్బుతోనో వచ్చిన వస్తువు. పగలు దానిపైనే పాఠాలు, రాత్రి దానిపైనే ఆటలు. దానిపై పెట్టే ప్రతి రూపాయి ఇంటిలోని మరొక అవసరాన్ని వెనుకకు నెట్టి వచ్చినదే. కనుక ఇది ఆటల సంగతి మాత్రమే కాదు. ఇంటి జమాఖర్చుల సంగతి కూడా.

నేనెరిగిన ఒక విద్యార్థి ఇంట 2017లో కొన్న కంప్యూటరు ఉన్నది. అందులో ఇంటెల్ కోర్ ఐ5-7400 ప్రాసెసర్, జి.టి.ఎక్స్. 1060 గ్రాఫిక్స్ కార్డు, ఒకే ముక్కగా 8 జి.బి. ర్యామ్, ఒక టి.బి. హార్డ్ డిస్కు ఉన్నవి. కొన్ననాడు అది మంచి యంత్రమే. ఏళ్లు గడిచేకొద్దీ ఆటలు తడబడసాగాయి. తుపాకి ఎత్తవలసిన క్షణంలో తెర బిగుసుకొనిపోయేది. ఆట తెరుచుకొనే లోపల టీ కాచుకొని త్రాగవచ్చును. 2025 వేసవి సెలవులలో అతని అన్నయ్య పాతికవేల రూపాయలు పంపి, ఇంటి అవసరాలు చూచుకొని మిగిలినది నీ కంప్యూటరుకు వాడుకొమ్మన్నాడు. మిత్రులందరూ ఒకే మాట చెప్పారు: “పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేయించు.” సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు బయలుదేరుటకు అతడు సిద్ధమైనాడు కూడా.

కొనబోయే ముందు ఒక్క సాయంత్రం యంత్రాన్ని పరీక్షించి చూడమని నేను కోరాను. అందుకు ఖరీదైన సాధనమేదీ అక్కరలేదు. విండోస్‌లో ఉండే టాస్క్ మేనేజర్ చాలును. ఆట ఆడుతుండగా ఏ భాగం ఎంత పని చేస్తున్నదో అది చూపుతుంది. గ్రాఫిక్స్ కార్డు నూటికి 95 పాళ్లకు పైగా శ్రమిస్తూ ఉంటే, ఆటకు ఆ కార్డే హద్దు అని గ్రహించవచ్చు. అది సగం ఖాళీగా ఉండి కూడా ఆట తడబడుతూ ఉంటే తప్పు మరొకచోట ఉన్నది. ప్రాసెసరును పరీక్షించేటప్పుడు మొత్తం శాతాన్ని మాత్రమే చూస్తే మోసపోతాము. నాలుగు కోర్లలో ఒకటే పూర్తిగా అలసిపోయినా మొత్తం 25 శాతమే కనబడవచ్చు. కనుక ఒక్కొక్క కోరును విడిగా చూడాలి.

ఇంకొక సులువైన పరీక్ష ఉన్నది. ఆటలో తెర పరిమాణాన్ని 1920×1080 నుండి 1280×720కి తగ్గించి చూడాలి. అనగా కార్డు గీయవలసిన చుక్కలు 20,73,600 నుండి 9,21,600కు, సగానికి తక్కువగా దిగుతాయి. అప్పుడు ఆట వేగం బాగా పెరిగితే బరువు మోస్తున్నది గ్రాఫిక్స్ కార్డు. పెరగకపోతే ఆ కార్డు ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తున్నదని అర్థం.

ఆ సాయంత్రం మాకు తేలినది ఇది. అతడు ఎక్కువగా ఆడే ఆటలో గ్రాఫిక్స్ కార్డు నూటికి 60 పాళ్లకు మించి పనిచేయడం లేదు. ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లూ నిండిపోయి ఉన్నవి. దాని వేడి 90 డిగ్రీలు దాటుతున్నది. 8 జి.బి. ర్యామ్ పూర్తిగా నిండి, మిగిలిన భారం హార్డ్ డిస్కుపై పడుతున్నది. తెర బిగుసుకొన్న ప్రతిసారీ ఆ డిస్కు నూటికి నూరు పాళ్లు శ్రమిస్తున్నది. పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేయించి ఉంటే పుండు ఒకచోట, మందు ఒకచోట అయ్యేది. ఖాళీగా కూర్చున్న పనివాని ప్రక్కన మరింత బలమైన పనివానిని తెచ్చి కూర్చోబెట్టినట్లుండేది.

జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు 1967లో ఒక సూత్రాన్ని ప్రతిపాదించాడు. ఒక పని మొత్తంలో ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, కలిగే లాభం ఆ భాగం పట్టే కాలానికే పరిమితమని దాని సారాంశం. నూరు నిమిషాల పనిలో ఒక భాగానికి ఇరవై నిమిషాలు పడుతున్నదనుకొందాం. ఆ భాగాన్ని రెప్పపాటులో ముగించే యంత్రం తెచ్చినా ఎనభై నిమిషాలు పట్టక తప్పదు. ధనం ఎంత పోసినా ఆ ఎనభైని ఆ మార్గాన తగ్గించలేము. పాత యంత్రానికి కొత్త భాగం కొనే ప్రతివాడూ ముందుగా జ్ఞాపకం ఉంచుకొనవలసిన లెక్క ఇది.

మేము చేసిన పని కొద్దిపాటిది. ముందు దుమ్ము దులిపాము. ప్రాసెసర్‌పై ఎండిపోయిన థర్మల్ పేస్టును తుడిచి కొత్తది పూశాము. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీలకు చేరువైతే తన్ను తాను కాపాడుకొనుటకు వేగాన్ని తగ్గించుకొంటుంది. దుమ్ము వలన పోయిన వేగాన్ని దుకాణంలో కొనుక్కోవడం అవివేకం. తరువాత అదే వేగం గల 8 జి.బి. ర్యామ్ మరొకటి జోడించాము. ర్యామ్ రెండింతలైనది, అంతేగాక రెండు ముక్కలు రెండు దారులలో పనిచేయుటచే 64 బిట్ల బాట 128 బిట్ల బాట అయినది. హార్డ్ డిస్కుకు తోడుగా ఒక సాటా ఎస్.ఎస్.డి. పెట్టించాము. పాత డిస్కు సెకనుకు 150 ఎం.బి. ప్రాంతంలో చదివితే ఇది 500 ఎం.బి.కి పైగా చదువుతుంది. చెల్లాచెదరుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను వెదకి తెచ్చుటలో తేడా అంతకంటె ఎన్నో రెట్లు.

ఫలితం ఏమైనది? ఉన్నదున్నట్లు చెప్పాలంటే, సెకనుకు వచ్చే చిత్రాల సగటు సంఖ్య కొద్దిగానే పెరిగింది. కాని తడబాటు చాలావరకు పోయింది. సెకనుకు 60 చిత్రాలంటే ఒక్కొక్కదానికి సుమారు 16.7 మిల్లీ సెకన్లు. వాటిలో ఒక్కటి 200 మిల్లీ సెకన్లు తీసుకొన్నా కన్ను పట్టుకొంటుంది. సగటు లెక్కలో అది దాగిపోతుంది. పాతికవేలలో మూడవ వంతు కూడా ఖర్చు కాలేదు. మిగిలిన సొమ్ములో కొంత చెల్లెలి ఇంటర్మీడియట్ చేరికకు ఉపయోగపడింది. ఆటకు ఇంటిలో మాట రాలేదు.

అయితే ఈ ఒక్క ఉదాహరణను అందరికీ అన్వయించరాదు. అదే 2017లో మరొక ఇంట ఎ.ఎం.డి. రైజెన్ 5 1600 ప్రాసెసర్ గల కంప్యూటరు కొన్నారనుకొందాం. దాని మదర్‌బోర్డు సాకెట్టు పేరు ఎ.ఎం.4. ఐదేళ్ల తరువాత, 2022లో, ఆనాటి పలు బోర్డులకు బయాస్ సవరణలు వచ్చి కొత్త 5000 శ్రేణి ప్రాసెసర్లు కూడా వాటిలో పనిచేయసాగాయి. ఆ ఇంటివారు ర్యామ్ మార్చకుండా, బోర్డు మార్చకుండా రైజెన్ 5 5600ను బిగించుకోవచ్చును. మన విద్యార్థి ఐ5 బోర్డుకు ఆ భాగ్యం లేదు. దానిలో ఎక్కగల పెద్ద ప్రాసెసర్లు అదే తరానికి చెందిన ఐ7-7700 వంటివే. అదే సంవత్సరం చివరలో వచ్చిన ఎనిమిదవ తరం ప్రాసెసర్ల సాకెట్టు చూపునకు అదే అయినా ఆ బోర్డుతో పొత్తు కుదరదు. ఒకే ఏట కొన్న రెండు యంత్రాలలో ఒకదానికి దారి తెరిచి ఉన్నది, మరొకదానికి మూసి ఉన్నది. కనుక భాగాన్ని ఎన్నుకొనే ముందు బోర్డు పేరు చదువుకోవాలి. అది ఏయే ప్రాసెసర్లను స్వీకరిస్తుందో తయారీదారు జాబితాలో చూచుకోవాలి.

ఇక ఎవరూ పొగడని భాగమొకటి ఉన్నది. అది పవర్ సప్లై. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేవారు దాని అందాన్ని చూస్తారే గాని, దానికి తిండి పెట్టేదెవరో చూడరు. జి.టి.ఎక్స్. 1060 సుమారు 120 వాట్లు వాడితే, ఆర్.టి.ఎక్స్. 3060 సుమారు 170 వాట్లు వాడుతుంది. పెట్టెపై అతికించిన 450, 500 అనే అంకెలను నమ్మరాదు. 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లున్నవో చూడాలి. 30 ఆంపియర్లయితే అది ఇవ్వగలిగినది 360 వాట్లే. కరెంటు హెచ్చుతగ్గులు నిత్యమైన మన వీధులలో చవకబారు పవర్ సప్లై కాలిపోతే తాను ఒక్కటే పోదు. తోడివారిని కూడా తీసుకొనిపోవచ్చును. మంచి పవర్ సప్లై, మంచి ఎస్.ఎస్.డి., మంచి మానిటరు – ఈ మూడూ రేపు కొత్త యంత్రం కొన్నప్పుడు కూడా మన వెంట వస్తాయి. మూసుకొనిపోయిన దారిలోని ప్రాసెసర్‌పై పెట్టిన సొమ్ము అలా వెంట రాదు. ఉన్న సొమ్ము చాలనప్పుడు ఈ భేదాన్ని పాటించుట మేలు.

మరమ్మతుకు కూడా ఒక హద్దు ఉన్నదని ఒప్పుకోక తప్పదు. 2024 డిసెంబరులో వెలువడిన ఇండియానా జోన్స్ ఆట రే ట్రేసింగ్ సామర్థ్యం లేని కార్డులపై నడవదు. సైబర్‌పంక్ 2077 ఆట 2023లో హార్డ్ డిస్కుకు స్వస్తి చెప్పి ఎస్.ఎస్.డి.ని కనీస అవసరంగా ప్రకటించింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది; ఐ5-7400 వంటి ఏడవ తరం ప్రాసెసర్లు విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. జి.టి.ఎక్స్. 1060 తరానికి కొత్త ఆటల డ్రైవర్లు కూడా అదే అక్టోబరుతో ఆగిపోయినవి. ఈ హద్దు వచ్చినప్పుడు ఒక్కొక్క భాగమే మార్చుకొంటూ పోవడం చిల్లికుండలో నీరు పోయడమే. అప్పుడు ఆగి, సొమ్ము కూడబెట్టి, బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడింటినీ ఒక్కసారి మార్చుకోవాలి. ఆగుటలోనూ నష్టం లేకపోలేదు: 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు ఎంతగా పెరిగినవో కొన్నవారికి తెలుసు. అయినా ధర పెరుగుతుందన్న భయంతో అక్కరలేనిది కొనడం పొదుపు అనిపించుకోదు.

“ఇంత లెక్క దేనికి? అప్పు చేసైనా ఒక్కసారి కొత్తది కొంటే పీడ పోతుంది కదా” అనే మిత్రులున్నారు. సొమ్ము గలవారికి ఆ మాట చెల్లుతుంది. కాని కొత్తది కొన్న మూడేళ్లకు అదే ప్రశ్న మళ్లీ వచ్చి వాకిట నిలుస్తుంది. ఏ భాగం దేనికోసం ఆగుతున్నదో తెలుసుకొనే నేర్పు లేనివానికి ప్రతి కొనుగోలూ గ్రుడ్డిదెబ్బే. చాప ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలని మన తెలుగు పెద్దలు అన్నారు. చాదర్ చూచి కాళ్లు చాపుమని ఉర్దూ పెద్దలు అన్నారు. భాషలు వేరైనా ఇంటి అనుభవం ఒక్కటే.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఈ సందర్భంగా ఒక విన్నపం. కంప్యూటరు గదులలోని పాత యంత్రాలను మూకుమ్మడిగా పారవేసే ముందు, మూకుమ్మడిగా కొనే ముందు, ఒక వారం రోజులు వాటిని పరీక్షింపజేయండి. ఉర్దూ పుటలు కూర్చే ఇన్‌పేజ్‌కు గాని, తెలుగు టైపు అభ్యాసానికి గాని పెద్ద గ్రాఫిక్స్ కార్డుతో పని లేదు. అనేక యంత్రాలకు ఒక ఎస్.ఎస్.డి., ఒక ర్యామ్ ముక్క చాలవచ్చును. విండోస్ 11కు అర్హత లేనివాటిపై ఉచితంగా లభించే లినక్స్ పెట్టించి, అక్షరాభ్యాసానికి, ప్రోగ్రామింగ్ అభ్యాసానికి వాడవచ్చును. యూనికోడ్ తెలుగు, నస్తాలీఖ్ ఉర్దూ లిపులు రెండూ దానిపై చక్కగా నడుస్తాయి. విండోస్ తప్పనిసరియైన పనికి మాత్రమే కొత్తవి కొంటే చాలు. నిజంగా పనికిరానివాటిని పాత ఇనుము బండికి వేయక, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టరైన సంస్థకు అప్పగించాలి. ఈ పరీక్షలను విద్యార్థుల చేతనే, అధ్యాపకుల పర్యవేక్షణలో చేయిస్తే ఆ వారం రోజులు ఏ పాఠ్యపుస్తకమూ నేర్పని విద్యను నేర్పుతాయి.

మరమ్మతు అన్న మాట ఉర్దూలోనూ ఉన్నది, తెలుగులోనూ ఉన్నది. రెండు భాషలవారమూ ఒకే కళాశాలలో చదువుకొంటున్న మనకు ఆ మాట అర్థం వేరుగా చెప్పనక్కరలేదు. విద్యార్థి మిత్రులారా, ఈసారి సెలవులలో దుకాణానికి వెళ్లే ముందు ఒక్క సాయంత్రం మీ యంత్రం ముందు కూర్చొనండి. ఆట ఆడండి, కాని ఒక కన్ను లెక్కలపై ఉంచండి. ఏ భాగం మిగిలినవాటిని ఆపుతున్నదో కాగితంపై వ్రాసుకొనండి. ఆ కాగితం చేత పట్టుకొని దుకాణానికి వెళ్లినవానికి, అమ్మేవాడు తనకు నచ్చినది అంటగట్టలేడు. ఇంటి నుండి వచ్చిన సొమ్ముకు మనం చేయగల మర్యాద అదే.