ప్రవహణ విపర్యయం: పరదేశం వెళ్ళేవాడి పాత బండి



మా రెండవవాడు సకుటుంబంగా మెల్‌బోర్న్ వెళ్ళిపోవడానికి నిశ్చయించుకున్న తరువాత ఒకనాడు, "నాన్నగారూ, వెళ్ళేలోగా ఒక పాత కేంపర్ వ్యాను కొందామనుకుంటున్నాను" అన్నాడు. ఇంట్లోని బీరువాలూ మంచాలూ సైతం అమ్ముకుంటున్నవాడు కొత్తగా ఒక బండి కొనడమేమిటని నేనూ మా ఇంటావిడా ముఖముఖాలు చూసుకున్నాం.

వాడి ఆలోచన ఇది. ప్రయాణానికి రెండున్నర నెలల గడువుంది. నేను తెలుగు పండితుడిగా ఉద్యోగజీవితంలో అధికభాగం గడిపిన అరకు, డుంబ్రిగూడ, హుకుంపేట, పాడేరు ప్రాంతాలను నా చేతనే తన పిల్లలకు చూపించాలి. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. పిల్లలు చిన్నవాళ్ళు. పడక, పొయ్యి, నీళ్ళు బండిలోనే ఉంటే అలసిన చోట ఆగవచ్చు. తిరిగి వచ్చాక అమ్మేస్తే పెట్టిన సొమ్ములో చాలా భాగం చేతికొస్తుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండులలో పర్యటించే యువకులు ఇలాగే దిగగానే పాత వ్యాను కొని, దేశమంతా తిరిగి, విమానమెక్కే ముందు మరొక యాత్రికునికి అమ్మి పోతారట.

వాడి కోరికలో దోషం నాకు కనిపించలేదు. మనుమలకు తాతగారి ఊళ్ళు చూపాలనుకోవడం కంటే మంచి కోరిక ఏముంటుంది? దోషమంతా బండి కాగితాలు చేతికి వచ్చినప్పుడు బయటపడింది. ఈ టపా ఆ కాగితాల గురించే.

విశాఖపట్నంలో ఒక బండి దొరికింది. టెంపో ట్రావెలర్ సీట్లు తీయించి రెండు పడకలు, చిన్న గట్టు, నీళ్ళ ట్యాంకు అమర్చినది. అమ్ముతున్నాయన మర్యాదస్థుడే. కాని ఆర్.సి.లో ఉన్నది ఆయన పేరు కాదు, ఆయనకు అమ్మినవారి పేరు. ఫారం 29, ఫారం 30ల మీద ఆ మొదటి యజమాని చేసిన సంతకాలు ఉన్నాయి; కొనేవారి పేరు రాయవలసిన చోటు ఖాళీ. మధ్యవర్తి నవ్వుతూ, "రెండు నెలల ముచ్చటకి మీ పేరు మీదికి ఎందుకండీ ఖర్చు? ఈ ఫారాలే ఉంచుకోండి. మీరు అమ్మినప్పుడు కొన్నవాడి పేరు రాసుకుంటాడు" అన్నాడు. మావాడికి ఆ మాట సబబుగానే తోచింది. నాకు మాత్రం మృచ్ఛకటికం గుర్తుకు వచ్చింది.

శూద్రకుని ఆ ప్రకరణంలో ఆరవ అంకం పేరు ప్రవహణ విపర్యయం, అంటే బండ్ల తారుమారు. చారుదత్తుడు పంపిన బండి ఎక్కవలసిన వసంతసేన, వాకిట ఆగి ఉన్న శకారుని బండిని అదే అనుకుని ఎక్కుతుంది. చెర నుండి పారిపోయి వచ్చిన ఆర్యకుడు చారుదత్తుని బండిలో దూరి దాక్కుంటాడు. దారిలో రక్షకభటులు బండిని ఆపి ఎవరిదని అడుగుతారు. చారుదత్తునిది, లోపల ఉన్నది వసంతసేన అని బండివాడు చెబుతాడు. తరువాత హత్యానేరం మీద విచారణ జరిగినప్పుడు వీరకుడనే భటుడు వచ్చి, తాను దారిలో చూసిన బండి చారుదత్తునిదేనని సాక్ష్యం చెబుతాడు. భటులు బండిని ఆపినప్పుడు లోపల ఎవరున్నదీ చారుదత్తునికి తెలియదు. అయినా బండి పేరు అతనిది కనుక అది అతని మెడకు చుట్టుకుంటుంది. శూలం దాకా తీసుకుపోతుంది. ఈ కథను నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. అది కవి కల్పించిన చమత్కారమనే అనుకునేవాణ్ణి. మన మోటారు వాహనాల చట్టం కూడా అదే మాట చెబుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

1988 నాటి ఆ చట్టం ప్రకారం యజమాని అంటే రిజిస్టరులో ఎవరి పేరుందో వారే. డబ్బు చేతులు మారినా, తాళం చేతులు మారినా లెక్కలోకి రాదు. 50వ సెక్షను ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే అమ్మినవారు 14 రోజులలోను, కొన్నవారు 30 రోజులలోను రవాణా శాఖకు తెలియజేయాలి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు ఇటువంటి వ్యవహారం మీదే. 2007లో అమ్మిన కారు పేరు మార్పు లేకుండానే చేతులు మారుతూ పోయి, 2009లో ప్రమాదం చేసింది. ఒక ప్రాణం పోయింది. పరిహారం బాధ్యత ఎవరిది? ఎప్పుడో అమ్మివేసి మరచిపోయిన మొదటి యజమానిదే అని న్యాయస్థానం తేల్చింది. చెప్పిన కారణం కూడా ధర్మబద్ధమైనదే: దెబ్బ తిన్న కుటుంబం ఒకరి తరువాత ఒకరుగా కొన్నవాళ్ళందరినీ వెతుక్కుంటూ తిరగకూడదు, చట్టం ఉన్నది ఆ కుటుంబాన్ని ఆదుకోవడానికి.

భీమా ఉంటుంది కదా అని మావాడు అడిగాడు. ఉంటుంది. బండి అమ్మితే పాలసీలోని మూడో మనిషి రక్షణ కొన్నవారికి బదిలీ అయినట్టే భావించాలని 157వ సెక్షను చెబుతుంది. అయితే ఆ పాలసీకి గడువు తీరాక కొన్నవాడు కట్టకపోతే? లైసెన్సు లేని కుర్రవాడు నడిపితే? సొంత వాడకపు బండిలో కిరాయికి మనుషులను ఎక్కిస్తే? ఇటువంటి వాటిలో భీమా సంస్థ ముందు చెల్లించి తరువాత యజమాని నుండి రాబట్టుకోవడమో, అసలు చెల్లించకపోవడమో జరుగుతుంది. యజమాని ఎవరు? రిజిస్టరులో ఉన్నవాడు. అతడు మెల్‌బోర్న్‌లో ఉంటే తాఖీదు పాత చిరునామాకు, అంటే ఆ ఇంట్లో మిగిలిపోయిన ముసలి తల్లిదండ్రుల వద్దకు వస్తుంది.

ఇది నాకు అనుభవంలోకి వచ్చిన సంగతి. చాలా ఏళ్ళ క్రితం నా స్కూటరును బదిలీ మీద వెళ్ళిపోతున్న హడావుడిలో ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి అమ్మేశాను. రెండేళ్ళ తరువాత ఎన్నడూ చూడని ఊరి నుండి నా పేర తాఖీదు వచ్చింది. స్కూటరు ఒక వృద్ధుణ్ణి గుద్దింది, కాలు విరిగింది. నడిపినవాడెవరో నాకు తెలియదు. ఆ వృద్ధుని కొడుకు కోర్టు వరండాలో నన్ను చూసిన చూపు నేను మరచిపోలేదు. అతని దృష్టిలో నేనే అపరాధిని. కాదని చెప్పడానికి నా వద్ద ఒక్క కాగితమూ లేదు.

ఇంతవరకూ అమ్మేవాడి కష్టం. కొనేవాడి కష్టం ఇంకా పెద్దది. దాన్ని నాకు తెలియజెప్పినవాడు డుంబ్రిగూడ మండలంలోని ఒక పల్లెలో జీపు నడుపుకునే నా పాత శిష్యుడు. మా ప్రయాణం తరువాత వ్యానును అతనికి అమ్మితే బాగుంటుందని మావాడి ఉద్దేశం. ఫోను చేసి అడిగితే, "మాస్టారూ, పేరు మారుస్తానంటేనే తీసుకుంటాను" అన్నాడు. అతని మొదటి జీపు ఎనిమిదేళ్ళు పట్నంలో ఎవరో తెలియని మనిషి పేరు మీదే నడిచిందట. బ్యాంకువాళ్ళు దాని మీద అప్పు ఇవ్వలేదు. ఆర్.సి.లో పేరున్నాయన మరణించాక అమ్ముకోవడానికీ వీలు లేకపోయింది. చివరికి తుక్కు ధరకు పోయింది. "డబ్బు నాది, బండి నాది, పేరు మాత్రం నాది కాదు" అన్నాడు.

మన్యంలో ఈ మాటకు మరొక చరిత్ర ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ (మన్యంలో అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచేది) వల్ల షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనకూడదు. ఆ రక్షణ చుట్టూ పుట్టిన తెగులు బినామీ. కాగితం మీద గిరిజనుని పేరు, అనుభవం పట్నవాసిది. బండ్ల విషయంలో అదే వ్యవహారం తలకిందులుగా నడుస్తుంది. కాగితం మీద పట్నవాసి పేరు, కష్టం గిరిజనునిది. రెండింటిలోనూ నష్టపోయేవాడు ఒక్కడే. చదువు చెప్పడానికి ఆ కొండలెక్కిన నేను, సంతకం చేయని కాగితం ఒకటి వాళ్ళ నెత్తిన వదిలి దిగిపోతే ఆ చదువుకు అర్థమేముంది?

అందుచేత మావాడితో ఖండితంగా చెప్పాను. కొంటే నీ పేరు మీదికి మార్పించుకుని కొను. అమ్మితే పేరు మార్పించి విమానమెక్కు. రెండింటికీ వ్యవధి లేకపోతే అద్దె బండిలో పోదాం. వాడు కొంత విసుక్కున్నాడు. మొదటి యజమానిని వెతికి పట్టుకోవడానికి, పాత అప్పు తీరినట్టు ఫారం 35 తెచ్చి ఆర్.సి.లో ఆ నమోదు తీయించడానికి, పేరు మారడానికి నెల దాటింది. మిగిలింది తొమ్మిది రోజుల ప్రయాణం.

ఇంకొక ముడి కూడా ఉంది. సీట్లు తీసి పడకలు వేయించుకోవడం మన ఇష్టం కాదు. తయారీదారు ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని చట్టంలోని 52వ సెక్షను. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దాన్నే గట్టిగా చెప్పింది. మోటారు కారవానుకు ఏ.ఐ.ఎస్. 124 అని ప్రత్యేక ప్రమాణం ఉంది. కొనేముందు ఆర్.సి.లో ఆ మార్పు నమోదై ఉందో లేదో చూడాలి. మేము కొన్నదానికి నమోదై ఉంది కాబట్టే నేను ఒప్పుకున్నాను. లేనిదైతే ఎంత అందంగా ఉన్నా వద్దనేవాణ్ణి.

బండి సత్తువ సంగతి ఘాట్ రోడ్డే చెబుతుంది. విశాఖ నుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే అనంతగిరి ఘాట్‌లో 2021 ఫిబ్రవరిలో డముకు వద్ద హైదరాబాదు యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు మరణించారు. వంద లీటర్ల నీళ్ళంటే నూరు కిలోల బరువు. పడకలు, గట్టు, గ్యాస్ సిలిండరు అదనం. ఎక్కేటప్పుడు ఇంజను మూలుగుతుంది, పరవాలేదు. దిగేటప్పుడు ఎడతెగకుండా బ్రేకు తొక్కితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఎక్కిన గేరులోనే దిగమని నా శిష్యుడు మావాడికి పదేపదే చెప్పాడు. పాత బండి కొనేవారు పట్నంలో నున్నని రోడ్డు మీద నడిపి చూసి మురిసిపోకుండా, ఒక మెకానిక్కును వెంటబెట్టుకుని నిండు బరువుతో ఘాట్ దింపి చూడాలి.

ఆ తొమ్మిది రోజులూ బాగా గడిచాయి. గాలికొండ వద్ద పిల్లలు మబ్బులోకి చేతులు చాచారు. చాపరాయి వాగులో కాళ్ళు తడుపుకున్నారు. రాత్రి ఎవరి మెట్టలోనైనా ఆగవలసి వస్తే ముందు ఆ ఇంటివారిని అడిగాం. వాడిన నీళ్ళు గెడ్డలో పోయలేదు. దిగువ ఊరు తాగేది ఆ నీళ్ళే. న్యూజిలాండులో 2023లో చట్టం సవరించి, బయట రాత్రి బస చేసే వ్యాన్లలో చాలావాటికి బిగించిన మరుగుదొడ్డి ఉండాలన్నారట. ఇక్కడ అటువంటి నియమం కోసం ఎదురుచూడనక్కరలేదు, ఇంగితం చాలు. లంబసింగి చలికి మా ఆవిడ మూడు దుప్పట్లు కప్పుకుని, "ఇల్లు ఇంత చిన్నదైనా సరిపోతుందన్నమాట" అంది. కొడుకు దూరమవుతున్నాడన్న దిగులు ఆ మాటలో ఉంది. నేను వినిపించుకోనట్టు ఊరుకున్నాను.

ఆక్షేపణలు నాకు తెలియకపోలేదు. ఇంత శ్రమ ఎందుకు, అద్దెకు తీసుకుంటే పోయేది కదా అని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే. రెండు వారాల విహారానికి అద్దె బండే ఉత్తమం. లెక్క చూస్తే మాకూ అదే లాభం. రెండవ ఆక్షేపణ: లోకమంతా ఖాళీ ఫారాల మీదే నడుస్తున్నదని. లోకం నడుస్తున్నది, ఎక్కడో ఒకచోట ఒక చారుదత్తుడు చిక్కుకుంటున్నాడు. ప్రభుత్వమూ కొంత మేలుకొన్నది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, అనుమతి పొందిన పాత బండ్ల వ్యాపారికి అప్పగించి ఆ సంగతి నమోదు చేయిస్తే, అది మళ్ళీ అమ్ముడయ్యేదాకా అతడే యజమాని కింద లెక్క. వ్యవధి లేనివారికి ఇది మంచి మార్గం.

పరదేశం వెళ్ళే పిల్లలకు, వారి తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ప్రయాణానికి కనీసం నెలన్నర ముందే బండి అమ్మకం ముగించండి. వెళ్ళాక అమ్ముదామంటే ఓటీపీ వచ్చే సెల్ నంబరు మూగబోయి ఉంటుంది. అధికారపత్రం పంపాలంటే రాయబార కార్యాలయం చుట్టూ తిరగాలి. కొన్నవారి పేరుతో కొత్త ఆర్.సి. కళ్ళతో చూసేదాకా అమ్మకం పూర్తయిందనుకోకండి.

మా వ్యాను ఇప్పుడు నా శిష్యునిది. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు అతని పేరుతో ఆర్.సి. వచ్చింది. దాన్ని చూసుకుని అతడు, "నా పేరు తప్పుల్లేకుండా రాశారు మాస్టారూ" అన్నాడు. అతనికి అక్షరాలు దిద్దించినవాణ్ణి నేనే.

మీలో ఎవరికైనా ఇటువంటి అనుభవం ఉంటే తెలియజేయగలరు. బీరువాలో ఇంకా ఒక ఖాళీ ఫారం పడి ఉన్నవారు మాత్రం ముందు ఆ పని చూసుకుని, తరువాత వ్యాఖ్య రాయండి.