దండలతో సరిపెట్టవద్దు

సెప్టెంబరు 19న మాండలిన్ శ్రీనివాస్ వర్ధంతిని పటానికి దండ వేసి ముగించడం మనకు అలవాటైంది. 2014లో 45 ఏళ్లకే కన్నుమూసిన ఈ పాలకొల్లు బిడ్డ, మీటగానే ఆరిపోయే నాదాన్ని విద్యుత్ మాండలిన్‌తో నిలబెట్టారు. జంట తీగల స్థానంలో ఐదు ఒంటి తీగలు బిగించి కర్ణాటక సంగీత గమకాలు పలికించారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, ఆపై గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ బృందం ‘రిమెంబర్ శక్తి’ ఆయనకు పెద్దపీట వేశాయి. ఇక్కడ కావలసింది విగ్రహం కాదు (వాటికి మనకు కొదవా?). ఆకాశవాణి తన భాండాగారంలోని ఆయన కచేరీలను ఉచితంగా వినిపించాలి. ప్రభుత్వ సంగీత కళాశాలలు విద్యుత్ వాద్యాలకు తలుపులు తీయాలి. కావలి జవహర్ భారతి వంటి విద్యాసంస్థలు గిటారు, కీబోర్డు పట్టిన మన కుర్రాళ్లకు ఏటా ఒక సాయంత్రం వేదిక ఇవ్వాలి. అందుకు ప్రత్యేక నిధులు అక్కర్లేదు.