నమూనా యూరప్‌ది, తాళంచెవి ఢిల్లీది

2015ల ‘రుద్రమదేవి’ సినిమా వచ్చినప్పుడు తెలంగాణ సర్కారు దానికి వినోదపు పన్ను మాఫ్ జేసింది. షేక్‌పేట మండలంల ఉన్న ఫిల్మ్‌నగర్ నిర్మాతలకు పన్ను మాఫీ కావాల్నంటే హైదరాబాద్ సెక్రటేరియట్ దాకా పోతే సాలు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది, రాష్ట్రం వసూలు జేసే వినోదపు పన్ను అండ్ల కలిసిపోయింది. ఇప్పుడు రాష్ట్రం తన వాటా వాపస్ ఇయ్యొచ్చు గని, రేటు మార్చుడు దాని చేతిల లేదు.

గీ పన్ను మనం కనిపెట్టింది కాదు. వ్యాట్ 1954ల ఫ్రాన్స్‌ల మొదలైంది. యూరప్ దేశాలు ఒక్క మార్కెట్ అయ్యేందుకు దాన్నే పట్టుకున్నయి. యూరప్‌ను జూసి మిగతోళ్లు గూడ నేర్సుకున్నరు. దక్షిణ అమెరికాల ఆండియన్ దేశాలు 1979ల ఒప్పందం రాస్కొని అసొంటి కోర్టే పెట్టుకున్నయి. 2002ల మొదలైన ఆఫ్రికన్ యూనియన్ ‘కమిషన్’ అన్న పేరే తెచ్చుకున్నది. ఎవరైనా అరువు తెచ్చుకునుడు తప్పు కాదు. ఏం తెచ్చుకున్నం, ఏం ఇడిసిపెట్టినం అన్నదే అసలు ముచ్చట.

యూరప్‌ల వ్యాట్ మామూలు రేటు 15 శాతం కంటే తగ్గొద్దు. సినిమా టికెట్ల వంటి కొన్నిటికి తక్కువ రేటు పెట్టుకునే వీలున్నది. అందుకే టికెట్ మీద ఫ్రాన్స్‌ల 5.5 శాతం, జర్మనీల 7 శాతం. పన్నుల చట్టం మార్చాల్నంటే అన్ని దేశాలు ఒప్పుకోవాలె. చిన్న దేశం వద్దన్నా ఆగుతది.

మన జీఎస్టీ కౌన్సిల్‌ల కేంద్రం ఓటు బరువు మూడోవంతు, రాష్ట్రాలన్నిటిది కలిపి మూడింట రెండు వంతులు. తీర్మానం నెగ్గాల్నంటే నాలుగింట మూడు వంతులు కావాలె. అంటే కేంద్రం ఒక్కటి వద్దన్నా ఆగుతది. తెలంగాణ బరువు రమారమి రెండు శాతం, అది ఒక్కటి వద్దంటే ఏదీ ఆగదు.

నిజమే, మనది ఒక్క దేశం, దేశాల కూటమి కాదు. కౌన్సిల్‌ల మస్తు నిర్ణయాలు ఓటు లేకుండనే అయితున్నయి. వంద రూపాయల దాకా టికెట్ మీద పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతంకెళ్లి 5 శాతానికి దిగింది. మండలంల సినిమా జూసే పోరగాళ్లకు అది మంచిదే. గని తగ్గిన పన్నుల సగం రాష్ట్రానిది. రాష్ట్రాల లోటు పూడ్సే పరిహారం గడువు 2022 జూన్‌తోనే ఒడిసింది.

కౌన్సిల్ సిఫార్సులకు కట్టుబడాల్సిన పని లేదని 2022 మే నెలల సుప్రీంకోర్టు చెప్పింది. గట్లయితే యూరప్ నుంచి ఇంకొకటి గూడ తెచ్చుకుందాం: కింద ఒక గీత గీసి, ఆపైన రేటు రాష్ట్రానికే ఇడిసిపెట్టుడు. మన ఊరి టాకీస్ టికెట్ ముచ్చట మనం ఓటేసిన సర్కారు తేల్చాలె. అప్పుడే దాన్ని నిలదీసే హక్కు మనకుంటది.