పద్దెనిమిది నిండిన మర్నాడు

హైదరాబాద్ మెట్రోలో ఎల్బీనగర్ వెళ్లేవాళ్లకు ఆఖరి స్టేషన్ ముందు ఒక పేరు వినిపిస్తుంది: విక్టోరియా మెమోరియల్. అదేదో పాతకాలపు మహల్ పేరనుకునేవాళ్లు చాలామంది. నిజానికి అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, విక్టోరియా రాణి జ్ఞాపకార్థం సరూర్‌నగర్‌లో అనాథ పిల్లల కోసం పెట్టిన హోం. దిక్కులేని బిడ్డకు ఏలేవాళ్లే దిక్కు కావాలన్న ఆలోచన ఈ నేలకు కొత్త కాదు. ఆ దిక్కు ఎన్నేళ్ల వరకు అన్నదే ఇప్పటికీ సరిగా తేలలేదు.

2015 నాటి బాలల న్యాయ చట్టం లెక్కలో 18 నిండనివాళ్లంతా బాలలే. ఇల్లు లేని బిడ్డను, ఇంట్లో రక్షణ లేని బిడ్డను జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్తారు. ఆ సమితి రాసిన ఉత్తర్వుతో బిడ్డ బాలసదన్‌కో, స్వచ్ఛంద సంస్థ నడిపే హోంకో చేరుతుంది. అప్పటినుంచి తిండి, బడి, బట్ట, మందు అన్నీ హోం చూసుకుంటుంది. 18 నిండగానే ఆ ఉత్తర్వుకు కాలం చెల్లుతుంది.

అసలు ఆ 18 నిండే తేదీ ఎక్కణ్నుంచి వచ్చిందో చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఇల్లు విడిచి రైలెక్కిన పిల్లలు ఎందరో దిగే స్టేషన్ విజయవాడ. అలాంటి పిల్లల కోసం అక్కడ నవజీవన్ బాలభవన్ 1989లోనే మొదలైంది. ప్లాట్‌ఫారం మీద దొరికిన ఎనిమిదేళ్లవాడి జేబులో జనన ధ్రువపత్రం ఉండదు. వయసు తేల్చడానికి చట్టం ఒక వరస చెప్పింది: ముందు బడి రికార్డు, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన పత్రం, అదీ లేకపోతే ఎముకల పరీక్ష. ఈ పరీక్షలో ఏడాది రెండేళ్లు అటూ ఇటూ కావచ్చని కోర్టులు ఎన్నోసార్లు అన్నాయి. అలా ఎక్స్‌రే చూసి రాసిన తేదీయే ఆ బిడ్డకు పుట్టినరోజు. పదేళ్ల తరవాత హోం గేటు దాటాల్సిన తేదీ కూడా అదే.

ఆ తేదీ ఇంటర్ రెండో ఏడాది నవంబరులో పడిందనుకోండి. పరీక్షలు మార్చిలో. మనసున్న సూపరింటెండెంట్ అయితే అప్పటిదాకా ఎలాగోలా ఉంచుకుంటారు. ఒక బిడ్డ చదువు ఆ ‘ఎలాగోలా’ మీద ఆధారపడటం అన్యాయం. మామూలు ఇళ్లలో పద్దెనిమిదేళ్ల కొడుకు ఇంకా పిల్లాడే. కాలేజీ ఫీజు, బస్‌పాస్, పండక్కి కొత్త బట్టలు, ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో గది అద్దె, అన్నీ అమ్మానాన్నలే చూస్తారు. ఇరవై రెండేళ్లొచ్చినా జ్వరమొస్తే వాడు ఇంటికే వస్తాడు. హోంలో పెరిగినవాడు ఎక్కడికి పోవాలి?

చట్టం ఈ సంగతి మరిచిపోలేదు. 18 దాటి బయటికొచ్చే పిల్లల కోసం ఆఫ్టర్‌కేర్ అనే ఏర్పాటు అందులోనే ఉంది. 2016 నాటి కేంద్ర నమూనా నియమాలైతే మరీ వివరంగా చెప్పాయి: ఆరుగురి నుంచి ఎనిమిది మంది వరకు కలిసి ఉండేందుకు ఒక ఇల్లు, పని నేర్చుకుంటున్నన్నాళ్లూ స్టైపెండ్, 21 వరకు, అవసరమైతే ఇంకో రెండేళ్లు ఆసరా. చదివితే కన్నతల్లి రాసినట్టే ఉంటుంది. కానీ చట్టంలోని 46వ సెక్షన్ ఆర్థిక సాయం ‘ఇవ్వవచ్చు’ అంటుంది, ‘ఇవ్వాలి’ అనదు. ఆ ఒక్క మాటతో సాయం పిల్లల హక్కు కాకుండా అధికారుల దయ అయిపోయింది. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద 2022 నుంచి ఆఫ్టర్‌కేర్ సాయం మనిషికి నెలకు రూ.4,000. అమీర్‌పేట హాస్టల్లో మంచానికీ భోజనానికీ కూడా అది చాలదు.

ప్రభుత్వానికి ఇంతకంటే దూరం చూడటం రాదా అంటే, వచ్చు. కొవిడ్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు 2021లో పీఎం కేర్స్ పథకం పెట్టారు. 18 నుంచి నెలనెలా భత్యం, 23 నిండాక చేతికి రూ.10 లక్షలు. పద్దెనిమిదేళ్లకే మనిషి తన కాళ్ల మీద నిలబడలేడని ఆ పథకం రాసినవాళ్లకు బాగా తెలుసు. అలా ఆలోచించినవాళ్లకు దండం పెట్టాలి. కానీ 2019లో క్షయతో అమ్మ, అప్పుల బాధతో నాన్న పోయిన బిడ్డకు ఆ తలుపు తెరుచుకోదు. చావుకు కారణం వేరైనంత మాత్రాన బిడ్డ ఒంటరితనం వేరవుతుందా?

తెలుగు నేల మీద ఒక మంచి పని చాలా ముందే జరిగింది. వెనుకబడిన తరగతుల జాబితాలో బీసీ-ఏ గ్రూపులో అనాథలకు చోటుంది. అయితే పదేళ్లు రాకముందే తల్లిదండ్రులు పోయి ఉండాలి, చూసుకోవడానికి ఇంకెవరూ ఉండకూడదు, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆశ్రమంలోనో పాఠశాలలోనో చేరి ఉండాలి. పదకొండో ఏట అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లకు ఆ సర్టిఫికెట్ రాదు. తాగుబోతు తండ్రి బతికే ఉన్నాడంటే హోంలో పదేళ్లు పెరిగినా రాదు. ఈ షరతులను ఇకనైనా సడలించాలి. దానికి ఢిల్లీ దాకా వెళ్లనక్కర్లేదు, అమరావతి, హైదరాబాద్ తలచుకుంటే చాలు.

బయటి జనంలో దయ లేదని కాదు. పుట్టినరోజుకో, పెద్దల తద్దినానికో హోంకి వెళ్లి పిల్లలకు భోజనం పెట్టించడం ఊరూరా ఉన్న అలవాటు. ఆదివారాలైతే రెండు కుటుంబాలు ఒకేసారి వస్తాయి, పిల్లలు రెండుసార్లు కేకు తింటారు. ఆ ప్రేమను తక్కువ చెయ్యకూడదు. కాకపోతే అదంతా చిన్నపిల్లల చుట్టూనే తిరుగుతుంది. వెనక వరసలో నిలబడి వడ్డిస్తున్న పదిహేడేళ్ల అమ్మాయిని ‘వచ్చే ఏడాది ఎక్కడుంటావమ్మా’ అని అడిగేవాళ్లు అరుదు.

ఆ ప్రశ్న హోంలో పదహారో ఏటే మొదలవ్వాలి. ప్రతి బిడ్డకూ విడిగా సంరక్షణ ప్రణాళిక రాయాలని చట్టమే చెప్పింది. అందులో బ్యాంకు ఖాతా, కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు, ఏ కోర్సు, ఏ ఊరు అన్నవన్నీ రెండేళ్ల ముందే తేలిపోవాలి. డబ్బు కంటే ముందు కావలసింది ఒక మనిషి. ఇంగ్లాండులో సంరక్షణ నుంచి బయటికొచ్చిన యువతకు 25 ఏళ్ల వరకు సలహాదారు సాయం అడిగే వీలుంది. మన జిల్లా బాలల రక్షణ విభాగాల్లో చాలామంది సిబ్బంది కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లే. తమ ఉద్యోగానికే భరోసా లేనివాళ్లు ఒక బిడ్డను ఐదేళ్లు వెన్నంటి చూసుకోవాలంటే ఎలా? ముందు ఆ పోస్టులను పర్మనెంట్ చెయ్యాలి.

హోం నుంచి బయటికొచ్చిన కుర్రాడు గది కోసం తిరిగితే ఇంటి యజమాని మొదట అడిగేది అద్దె గురించి కాదు. ‘మీదే ఊరు, మీ నాన్న ఏం చేస్తారు, తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?’ అని. ఆధార్ కార్డు తీసి చూపిస్తే అందులో చిరునామా హోందే ఉంటుంది. ఆ గదికి పూచీగా సంతకం పెట్టే అధికారం, ఫోన్ చేస్తే ‘మా అబ్బాయే’ అని చెప్పే బాధ్యత కలెక్టరేట్‌లో ఒక మనిషికి రాతపూర్వకంగా అప్పగించాలి.