పది మిల్లీసెకన్ల తలుపు

2008 సెప్టెంబరు 19న జెనీవా దగ్గరి సెర్న్ లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో ఒక విద్యుత్ కనెక్షన్ కాలిపోయింది. టన్నుల కొద్దీ హీలియం ఎగదన్నింది. అయస్కాంతాలు దెబ్బతినడం ఒక ఎత్తు. పగిలిన కిరణ గొట్టాల్లోకి మసి, ఇన్సులేషన్ ముక్కలు చొరబడటం మరో ఎత్తు. బీమ్ మళ్లీ తిరగడానికి 14 నెలలు పట్టింది. ఆ వలయంలో దాదాపు మూడు కిలోమీటర్ల అతిశీతల వంపుల మధ్యలో గొట్టాన్ని మూసే వాల్వులే లేవు.

మన ఇందోర్‌లోని ఇండస్-2 వలయం చుట్టుకొలత 172.5 మీటర్లే. కానీ లోపలి పీడనం వాతావరణ పీడనంలో సుమారు లక్ష కోట్లో వంతు. సింక్రోట్రాన్లలో ప్రయోగశాలల వైపు సాగే బీమ్‌లైన్లలో పలుచని కిటికీ ఒక్కటి పగిలినా గాలి వలయం వైపు దూసుకొస్తుంది. శూన్యంలోకి దాని వేగం, సిద్ధాంతం ప్రకారం, శబ్దవేగానికి ఐదు రెట్ల దాకా ఉండొచ్చు. అంటే పది మిల్లీసెకన్లలో 17 మీటర్లు. మామూలు గేట్ వాల్వు మూసుకోవడానికి సెకనో రెండో కావాలి. అప్పటికి జరగాల్సింది జరిగిపోతుంది.

ఫాస్ట్ వాల్వు రెక్క సుమారు పది మిల్లీసెకన్లలో పడుతుంది. పూర్తిగా బిగియదు, గాలి హోరును ఆపుతుందంతే; వెనకాలే గేట్ వాల్వు వచ్చి బిగిస్తుంది. చిక్కు మరోచోట ఉంది. నీటితో చల్లబరిచే ఏర్పాటు లేని ఆ రెక్క మీద తీవ్రమైన కిరణం పడితే కరిగిపోతుంది. కాబట్టి ముందు బీమ్‌ను ఆపేయాలి. సెన్సర్ ఒక్కసారి తప్పుగా అరిచినా, అన్ని బీమ్‌లైన్లలో ఉన్న పరిశోధకుల పని ఆగిపోతుంది. ఆ చిరాకుతో సెన్సర్‌ను మొద్దుబార్చాలన్న ఆలోచన రావడం సహజమే, ప్రమాదమూ అదే.

అమెరికా ఫెర్మీల్యాబ్ పిప్-2 యాక్సిలరేటర్‌లో భారత అణుశక్తి విభాగం భాగస్వామి. అక్కడివి నయోబియం సూపర్‌కండక్టింగ్ క్యావిటీలు. గాలితో వచ్చిన దుమ్ము వాటి లోపలి గోడ మీద పడితే క్యావిటీ సామర్థ్యం పడిపోతుంది. విప్పి కడగడమంటే నెలల పని.

ఇందోర్ కేంద్రం ప్రతిపాదించిన కొత్త సింక్రోట్రాన్‌కూ ఈ లెక్క తప్పదు. తర్వాత కొని తగిలించుకునే వస్తువు కాదిది. సెన్సర్‌కూ వాల్వుకూ మధ్య మీటర్ల దూరం కావాలి, లేదా గాలిని కాసేపు నిలవరించే అడ్డుపలకల గది కావాలి. ఆ చోటు డ్రాయింగ్ దశలోనే వదిలిపెట్టాలి.