కాళ్లపై కొట్టినా హత్యే

ఉస్మానియా లా విద్యార్థులకు రాయవరపు పున్నయ్య కేసు కొత్తేమీ కాదు. 1968లో గుంటూరు జిల్లా రొంపిచర్ల కక్షల్లో ఒక మనిషిని బరువైన కర్రలతో చితకబాదారు. దెబ్బలన్నీ కాళ్లూ చేతులపైనే. అతడు చనిపోయాడు. ఆయువుపట్టున కొట్టలేదు కాబట్టి చంపే ఉద్దేశం లేదంటూ హైకోర్టు నేర తీవ్రతను తగ్గించింది. 1976లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చంపాలనుకున్నారా అన్నది కాదు. ఆ గాయాలు కావాలనే చేశారా, అవి మామూలుగా ప్రాణం తీసేంతటివా అన్నదే చూడాలంటూ హత్యానేరాన్ని ఖాయం చేసింది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ల నంబర్లు మార్చిందే గానీ హత్యకూ, హత్య కాని ప్రాణహరణానికీ మధ్య గీతను చెరపలేదు. హత్య కాని ప్రాణహరణానికి 105వ సెక్షన్ కింద ఉద్దేశం ఉంటే యావజ్జీవం దాకా, ప్రాణం పోవచ్చని తెలిసీ చేస్తే పదేళ్ల దాకా శిక్ష. వట్టి నిర్లక్ష్యమైతే 106 కింద అయిదేళ్ల దాకానే.

తార్నాక-మౌలాలి దారిలో తప్పతాగి కారు తోలి ఒకరి ప్రాణం తీసినవాడు ఏ కోవలోకి వస్తాడు? జనాగ్రహం చూసి 105 రాసేయడం తేలికే. కోర్టులో నిలబెట్టాల్సింది మాత్రం అతనికి ఏం తెలుసన్నది. ఎంత తాగాడు, ఎంత వేగం, పక్కవాళ్లు వారించారా? ఈ ఆధారాలు మొదటి రోజే సేకరించాలి.